ఈస్టర్ ద్వీపం: విగ్రహాలను కాసేపు పక్కనపెట్టి కోళ్ల గూళ్లు చూద్దాం

దాదాపు మనిషెత్తు గోడలు. అడుగుల లెక్కన మందం. లోపల ఇరుకు సందు లాంటి ఖాళీ. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టిందే. నేలకు ఆనుకుని ఒక చిన్న కంత, దాన్ని మూయడానికి ఒక రాయి. పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపంలో ఇలాంటి కట్టడాలు వెయ్యికి పైగా ఉన్నాయి. అక్కడివాళ్లు ద్వీపాన్ని రాపా నుయి అంటారు, ఈ కట్టడాన్ని 'హరే మోవా' అంటారు. హరే అంటే ఇల్లు, మోవా అంటే కోడి. అంటే కోళ్ల గూడు.

పేరు తేలిగ్గానే ఉంది గానీ, పేచీ అక్కడే మొదలైంది. కోళ్లకు ఇంత మందం గోడలెందుకు? ఈ ద్వీపానికి పంది రాలేదు, కుక్క రాలేదు. పెంచుకునే జంతువంటూ ఉన్నది కోడి ఒక్కటే. అంటే ఇంట్లో ఉన్న ఆస్తి అదే. రాత్రిపూట దొంగ వచ్చి రాళ్లు కదిపితే చప్పుడవుతుంది, ఇంట్లోవాళ్లు లేస్తారు అని ఒక వివరణ. కొందరు పురావస్తు పరిశోధకులు దీన్ని ఒప్పుకోలేదు. వీటిలో కొన్నింట్లో మనుషుల ఎముకలు దొరికాయి కాబట్టి ఇవి మొదట సమాధులని, తర్వాతి కాలంలో జనం వాటిని కోళ్లకు వాడుకున్నారని వాళ్ల వాదన.

వినడానికి గట్టి వాదనే. కానీ ఇదే ద్వీపంలో ఇంకో ఆచారం ఉంది. పెద్దల పుర్రెల మీద గుర్తులు చెక్కి కోళ్ల గూట్లో పెట్టేవారు. అలా చేస్తే కోళ్లు ఎక్కువ గుడ్లు పెడతాయని నమ్మకం. అలాంటి పుర్రెకు 'పువోకో మోవా', అంటే కోడి పుర్రె అని పేరు కూడా ఉంది. కాబట్టి గూట్లో పుర్రె దొరికినంత మాత్రాన అది సమాధి అయిపోదు. గూట్లో కోడి ఎముక దొరికినా, అది కట్టిననాటి నుంచీ గూడే అని తేలదు. ఒకే రాయి, ఒకే ఎముక, మూడు అర్థాలు.

కోళ్ల గూటికే ఇంత తిరకాసు ఉంటే, పది మీటర్ల విగ్రహం సంగతి చెప్పేదేముంది? అయినా మూడు వందల ఏళ్లుగా అందరి చూపూ విగ్రహాల మీదే. ఫోన్ ఎమోజీల్లో కూడా ఆ రాతి మొహం చేరిపోయింది. (ఆ ఎమోజీ అసలు టోక్యోలో షిబుయా స్టేషన్ దగ్గరున్న ఒక జపనీస్ విగ్రహానిది. అది ఈ ద్వీపపు విగ్రహాల పోలికలో చెక్కింది. నకలుకు నకలు అన్నమాట.) గత ఇరవై ఏళ్లలో ఈ ద్వీపం గురించి తేలిన ముఖ్యమైన విషయాలు మాత్రం ఎక్కువగా ఎవరూ ఫోటో తీసుకోని రాళ్ల నుంచి వచ్చాయి. పొలంలో పరిచిన రాళ్లు, తోట చుట్టూ పేర్చిన రాళ్లు, ఊట పక్కన కట్టిన రాళ్లు. పెద్ద రాయిని అర్థం చేసుకోవడానికి చిన్న రాళ్ల దగ్గరికి వెళ్లక తప్పలేదు.

ముందు ద్వీపం ఎంతుందో చూద్దాం. సుమారు 163 చదరపు కిలోమీటర్లు. ఎప్పుడూ చెప్పుకునే పాత గ్రేటర్ హైదరాబాద్ లెక్క, 650 చదరపు కిలోమీటర్లలో, నాలుగో వంతు. చల్లారిన మూడు అగ్నిపర్వతాలు కలిసి త్రికోణంలా ఏర్పడిన నేల. తూర్పుకు వెళ్తే చిలీ తీరం 3,500 కిలోమీటర్ల పైమాటే. పడమరకు వెళ్తే మనుషులున్న దగ్గరి దీవి పిట్‌కెయిర్న్ సుమారు 2,000 కిలోమీటర్లు. పసిఫిక్‌లోని దీవుల ప్రాంతం పాలినీషియా నుంచి నావికులు ఇక్కడ దిగింది క్రీ.శ. 1200 ప్రాంతంలో అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు, రామప్ప గుడి లేస్తున్న రోజులు అవి. వాళ్ల పడవల్లో వచ్చినవి మనకు పరాయివేమీ కావు: కోడి, అరటి, చేమ, చెరకు, పసుపు. చిలగడదుంప మాత్రం దక్షిణ అమెరికా పంట. అది పాలినీషియా దీవులకు ఎలా చేరిందన్నది వేరే పెద్ద కథ.

ఇక్కడ విగ్రహాన్ని 'మొవాయి' అంటారు, అది నిలబడే రాతి వేదికను 'అహు' అంటారు. మొవాయిలు వెయ్యి దాకా ఉన్నాయి. వాటిలో దాదాపు 400 ఇప్పటికీ రానో రరాకు అనే అగ్నిపర్వతపు గనిలోనే ఉన్నాయి. వేదికల మీద నిలిపినవి చాలావరకు సముద్రానికి వీపు పెట్టి ఊరివైపు చూస్తాయి. అవి వంశ పూర్వీకుల రూపాలు. పాలినీషియాలోని మిగతా దీవుల్లో కూడా పూర్వీకుల కోసం రాతి వేదికలు, నిలువు రాళ్లు, కొన్నిచోట్ల విగ్రహాలు ఉన్నాయి. కాబట్టి ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు పెద్ద రహస్యమేమీ కాదు. 1774లో కెప్టెన్ కుక్ వచ్చినప్పుడు ఆయన ఓడలో ఉన్న తహీతీ ప్రాంతపు యువకుడికి ఈ ద్వీపంవాళ్ల మాట కొంత అర్థమైంది. చుట్టరికం ఏ దిక్కుతో ఉందో ఆ రోజే తెలిసిపోయింది.

మరి రహస్యం ఎక్కడినుంచి వచ్చింది? మొదటి తప్పు అర్థం మొదటిరోజుల్లోనే పుట్టింది. 1722 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, డచ్ నావికుడు యాకబ్ రొగ్గెవీన్ ఈ ద్వీపాన్ని చూశాడు. లావుపాటి దుంగలు, గట్టి మోకులు లేని జనం ఇంత పెద్ద విగ్రహాలు ఎలా నిలబెట్టారా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఒక ముక్క ఊడదీసి చూసి, ఇవి రాళ్లు కావు, బంకమట్టితో చేసి గులకరాళ్లు పొదిగినవి అని తేల్చేశాడు. రానో రరాకు రాయి నిజంగానే మెత్తటిది. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి అది. ఆయన చూసింది సరిగ్గానే చూశాడు, అర్థం తప్పుగా చెప్పాడు. ఈ ద్వీపం మీద తర్వాత వచ్చిన చాలా సిద్ధాంతాల వరుస కూడా ఇదే.

అసలు నష్టం 1862–63లో జరిగింది. పెరూ నుంచి వచ్చిన బానిసల వ్యాపారులు సుమారు 1,500 మందిని ఎత్తుకుపోయారు. పాత విషయాలు తెలిసినవాళ్లు, 'రొంగొరొంగొ' అనే చెక్క పలకల మీది రాతను చదవగలిగినవాళ్లు ఆ గుంపులోనే పోయారు. తిరిగి వచ్చిన కొద్దిమంది మశూచిని వెంట తెచ్చారు. 1877 నాటికి ద్వీపంలో మిగిలింది 111 మంది. ఒక ఊరు తన పెద్దలందరినీ రెండేళ్లలో పోగొట్టుకున్నాక, అక్కడికి వచ్చిన పరిశోధకులు "మీ తాతలు ఇది ఎలా చేశారు?" అని అడిగితే ఏం జవాబు వస్తుంది? ఇది 'మిస్టరీ ద్వీపం' అని రాసేవాళ్లు ఈ తేదీలను ఒక్క వాక్యంలో దాటేస్తారు. రహస్యం రాళ్లలో ఉన్నదానికంటే ఈ రెండేళ్లలోనే ఎక్కువుంది.

అయినా అంతా పోలేదు. 1955–56లో నార్వే పరిశోధకుడు తోర్ హెయర్‌డాల్ బృందం వచ్చినప్పుడు, పడిపోయిన విగ్రహాలను ఎలా లేపేవారో తనకు తెలుసని అప్పటి మేయర్ పెద్రో అతాన్ చెప్పాడు. పన్నెండు మందిని పెట్టుకుని, దుంగలతో కొంచెం కొంచెం ఎత్తుతూ, కిందికి రాళ్లు నెడుతూ, అనకెనా తీరంలో ఒక విగ్రహాన్ని 18 రోజుల్లో నిలబెట్టి చూపించాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదని ఆయన అన్నట్టు హెయర్‌డాల్ రాసుకున్నాడు.

విచిత్రమేమిటంటే, ఇది కళ్లారా చూసిన హెయర్‌డాలే ఈ రాతిపని దక్షిణ అమెరికా నుంచి వచ్చినవాళ్లదని వాదించాడు. ఆయన చూపిన పెద్ద ఆధారం వినాపు దగ్గరున్న అహు గోడ. అక్కడి బసాల్ట్ రాళ్లు సందు లేకుండా ఎంత నున్నగా కలిసిపోయాయంటే, పెరూలోని 'ఇంకా' సామ్రాజ్యపు గోడలు గుర్తుకు రావాల్సిందే. కానీ 'ఇంకా'ల గోడలో నిండు దిమ్మెలుంటాయి. వినాపులో పైకి కనిపించేది పలకలతో వేసిన ముఖం మాత్రమే, వెనకంతా పూడ్చిన రాళ్లు. బయటి నుంచి ఒకేలా కనిపించే రెండు గోడలను వెనక్కి వెళ్లి చూస్తే రెండు వేర్వేరు చేతులు. ఫోటో చూసి పోలిక చెప్పే ప్రతి వాదనకూ ఇలాంటి 'వెనకవైపు' ఒకటి ఉంటుంది.

ఈ పోలికల పిచ్చి మన దేశం దాకా కూడా వచ్చింది. 1932లో గియోమ్ ద హెవెసీ అనే పరిశోధకుడు రొంగొరొంగొ గుర్తులను, సింధు నాగరికత ముద్రల మీది గుర్తులను పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటే కుదురు అన్నాడు. ఆ జాబితా చూడ్డానికి భలే ఉంటుంది. మధ్యలో మూడు వేల ఏళ్లకు పైగా కాలం, భూగోళంలో దాదాపు సగం దూరం ఉన్నాయన్న సంగతి మాత్రం జాబితాలో కనపడదు. మనిషి బొమ్మ, చేప బొమ్మ, దువ్వెన లాంటి గీతలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి మరి. మన పల్లెల్లో పాత సమాధుల రాతి కట్టడాలను రాక్షస గుళ్లు అనడంలో కూడా ఇదే ధోరణి ఉంది. పెద్ద రాయి కనిపిస్తే, దాన్ని ఎత్తినవాడు మనలాంటివాడని నమ్మబుద్ధి కాదు.

ఒక్కోసారి తప్పు రాయిలో కాకుండా మాటలో ఉంటుంది. ద్వీపం కథల్లో 'హనౌ ఎఎపె', 'హనౌ మొమొకో' అనే రెండు వర్గాలు కొట్టుకుంటాయి. వీటిని 'పొడుగు చెవులవాళ్లు', 'పొట్టి చెవులవాళ్లు' అని అనువదించారు. విగ్రహాలకు పొడుగు చెవులు ఉన్నాయి, 'ఇంకా' సామ్రాజ్యపు ప్రభువులు చెవులు సాగదీసుకునేవారు, ఇంకేం, లెక్క కుదిరిందనుకున్నారు. 'ఎపె' అంటే చెవి తమ్మె నిజమే. కానీ 'ఎఎపె' అంటే లావుపాటి, బొద్దుగా ఉండే అని అర్థం. అంటే అది లావువాళ్లు, బక్కవాళ్లు అన్న తేడా. ఒక అచ్చు తక్కువ పలికినందుకు ఒక జాతి పుట్టింది. ఆ కథలో ఓడినవాళ్లను కాల్చేశారని చెప్పే పోయికే కందకాన్ని తవ్వితే బొగ్గు దొరికింది గానీ, కాలిన శవాల జాడ లేదు. కందకం కూడా చాలావరకు సహజంగా ఏర్పడిన పల్లమే అని తేలింది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: విగ్రహాలను గని నుంచి ఎలా తెచ్చారు? వేదిక మీదకెక్కిన వాటిలో అన్నిటికంటే పెద్దది 'పారో'. సుమారు 10 మీటర్ల ఎత్తు, 82 టన్నుల బరువు, ప్రయాణం కిలోమీటర్ల దూరం. ద్వీపంవాళ్లను అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: అవే నడిచి వచ్చాయి. చాలాకాలం దీన్ని మాయమంత్రాల కథ అని పక్కన పెట్టారు. 1986లో చెక్ ఇంజనీరు పావెల్ పావెల్, హెయర్‌డాల్‌తో కలిసి, ఒక నిజమైన విగ్రహాన్నే నిలువుగా పట్టి అటూ ఇటూ ఊపుతూ ముందుకు జరిపి చూశాడు. నిండు డ్రమ్మునో, గ్యాస్ సిలిండర్‌నో ఒక అంచు మీద వంచి తిప్పుకుంటూ జరుపుతామే, అచ్చం అలా. అడుగుభాగం దెబ్బతింటోందని మధ్యలో ఆపేశారు.

2012లో అమెరికా పరిశోధకులు కార్ల్ లిపో, టెర్రీ హంట్ ఇంకో పని చేశారు. దారి పక్కన పడి ఉన్న విగ్రహాల ఆకారాన్ని కొలిచారు. వేదిక మీది విగ్రహాలకు, దారిలో ఉన్నవాటికి తేడా ఉంది. దారిలోవాటి అడుగు వెడల్పుగా ఉంటుంది, ఒళ్లు ముందుకు వాలి ఉంటుంది. అలాగే నిలబెడితే బోర్లా పడిపోతాయి, కానీ ఊపితే ముందుకు అడుగు పడుతుంది. అదే ఆకారంలో 4.35 టన్నుల కాంక్రీటు నమూనా చేసి, హవాయిలో 18 మంది మూడు తాళ్లతో ఊపితే 40 నిమిషాల్లో 100 మీటర్లు కదిలింది. వేదిక దగ్గరికి చేరాక అడుగు చెక్కి నిటారుగా నిలిపేవారని, కళ్ల గుంటలు కూడా అప్పుడే తొలిచేవారని వాళ్ల వాదన.

ఇందులో వీడియోలో కనిపించే ప్రయోగం కంటే గట్టి ఆధారం దారిలోని విగ్రహాల ఆకారమే. ప్రయోగం 'ఇలా చేయొచ్చు' అని మాత్రమే చెప్తుంది. పురావస్తు పరిశోధకురాలు జో ఆన్ వాన్ టిల్‌బర్గ్ బృందం 1998లో నమూనా విగ్రహాన్ని పడుకోబెట్టి, చెక్క చట్రం మీద దుంగల పైన లాగి చూపించింది. అదీ కదిలింది! ఎగుడుదిగుడు నేల మీద, మెత్తటి రాయితో చేసిన బరువైన విగ్రహాన్ని నిలబెట్టి నడిపించడం ప్రమాదమన్న అభ్యంతరం ఇప్పటికీ ఉంది. అన్ని సైజులకూ ఒకే పద్ధతి వాడారని అనుకోవాల్సిన అవసరం కూడా లేదు. కానీ దారిలోని విగ్రహాల అడుగు ఎందుకు వేరుగా ఉంది అన్న ప్రశ్నకు చెక్క చట్రం వాదన దగ్గర అంత సూటి జవాబు లేదు. నడక వాదనది ఇక్కడ పైచేయి.

ఈ గొడవ ఇంజనీరింగ్ ముచ్చటతో ఆగదు. విగ్రహాలను దుంగల మీద లాగారంటే లెక్కలేనన్ని చెట్లు కావాలి. అప్పుడు, విగ్రహాల పిచ్చితో అడవి నరుక్కుని తమ గొయ్యి తామే తవ్వుకున్నారు అన్న పేరుపొందిన కథకు బలం వస్తుంది. విగ్రహాలు నిలబడే నడిచాయంటే ఆ కథకు కాళ్లు విరుగుతాయి. అడవి పోయిన మాట నిజం. ఒకప్పుడు ద్వీపమంతా తాటి జాతి చెట్లు ఉండేవి, ఇప్పుడు ఆ జాతే లేదు. కానీ పొలాల కోసం నరకడం, కాల్చడం ఒకపక్క, పడవల్లో వచ్చిన పసిఫిక్ ఎలుకలు విత్తనాలు తినేయడం ఇంకోపక్క జరిగాయి. ఎలుకలు కొరికిన కాయలు తవ్వకాల్లో దొరికాయి.

గని దగ్గర కూడా ఇలాంటి తొందరపాటు అర్థమే చాలాకాలం నడిచింది. సగం చెక్కిన విగ్రహాలు, అక్కడక్కడ పడేసిన రాతి ఉలులు చూసి, ఏదో ఉపద్రవం వచ్చి పని ఒక్కరోజులో ఆగిపోయిందన్నారు. 21 మీటర్ల పొడవుతో కొండ నుంచి విడిపోకుండా ఉన్న విగ్రహాన్ని చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. అయితే గని వాలులో భుజాల దాకా, మెడ దాకా మట్టిలో ఉన్న విగ్రహాల దగ్గర తవ్వి, 2019లో ప్రకటించిన ఫలితాల్లో వేరే విషయం బయటపడింది. అక్కడి మట్టి ద్వీపంలోకెల్లా సారవంతమైనది. రాతి పొడి, పైనుంచి దిగే నీరు కలిసి దాన్ని అలా చేశాయి. ఆ మట్టిలో అరటి, చేమ, చిలగడదుంప ఆనవాళ్లు ఉన్నాయి. తవ్విన రెండు విగ్రహాలను కావాలనే గుంట తీసి నిలిపారు. అంటే గని అనుకున్నది తోట కూడా. ఆ విగ్రహాలు బండి కోసం ఎదురుచూస్తూ ఆగిపోయినవి కావు, వాటి చోటు అదే.

'ఈస్టర్ తలలకు ఒళ్లు కూడా ఉందట!' అని ఏడాదికోసారి వాట్సాప్‌లో తిరిగే ఫోటోలు ఇలాంటి తవ్వకాలవే. ఒళ్లు ఉందన్న సంగతి ద్వీపంవాళ్లకు ఎప్పుడూ తెలుసు. బ్రిటిష్ పరిశోధకురాలు కేథరిన్ రౌట్లెడ్జ్ 1914–15లోనే తవ్వి చూశారు.

ఇప్పుడు అసలు రాళ్ల దగ్గరికి వద్దాం. ద్వీపంలో చాలాచోట్ల నేల మీద పిడికిలంత నుంచి తలకాయంత రాళ్లు పరిచి ఉంటాయి. చూసేవాళ్లకు అది పనికిరాని రాళ్ల బీడు. అది నిజానికి పొలం. మన దగ్గర మిర్చికీ టమాటాకీ మల్చింగ్ షీటు పరుస్తారే, ఆ పని వీళ్లు రాళ్లతో చేశారు. రాయి గాలిని అడ్డుకుంటుంది, తేమ ఆవిరైపోకుండా కాస్తుంది, పగటి ఎండనూ రాత్రి చలినీ మట్టికి నేరుగా తగలనివ్వదు. కొత్తగా పగలగొట్టిన రాయి నుంచి పొటాషియం, ఫాస్ఫరస్ లాంటివి మెల్లగా మట్టిలోకి దిగుతాయి. ఆ మధ్యలో చిలగడదుంప తీగ పాకుతుంది. వాన పడినా నీరు నిలవని, ఎప్పుడూ ఉప్పుగాలి కొట్టే నేల మీద ఇది మామూలు తెలివి కాదు.

పొలం ఎంతుందో తెలిస్తే జనం ఎంతో అంచనా కట్టొచ్చు. ఇక్కడే లెక్క తారుమారైంది. అంతకుముందు ఉపగ్రహ చిత్రాలతో వేసిన అంచనాల ప్రకారం ఈ రాళ్ల పొలాలు 4.3 నుంచి 21.1 చదరపు కిలోమీటర్లు. అంత పొలముంటే పది, పదిహేను వేలకు పైగా జనం బతకొచ్చు. 1722లో యూరోపియన్లు చూసింది మూడు వేల ప్రాంతం. మరి మిగతావాళ్లు ఏమయ్యారు? కరువు, యుద్ధం, ఒకరినొకరు తినడం అంటూ కథ అల్లుకున్నారు. 2024లో వచ్చిన అధ్యయనం, కంటికి కనపడని పరారుణ కాంతిలో తీసిన ఉపగ్రహ చిత్రాలను నేల మీద నడిచి చూసిన తోటలతో పోల్చి మళ్లీ లెక్క కట్టింది. వచ్చింది 0.76 చదరపు కిలోమీటర్లు! రోడ్లు, లావా బండలు, చెట్టూచేమా పాత లెక్కలో పొలాలుగా పడిపోయాయి. చేపలు, ఇతర తిండి కలుపుకున్నా ఈ లెక్కతో బతికేది సుమారు 3,000 మంది. అంటే 1722లో కనపడ్డ జనమే దాదాపు మొత్తం జనం. పోయినవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ లేరు.

ఈ లెక్క మీద కూడా అభ్యంతరాలున్నాయి. రాళ్లు పరవని నేలలో కూడా పంటలు వేసి ఉండొచ్చు కదా అన్నది వాటిలో న్యాయమైనది. అయితే అదే ఏడాది ఇంకో దిక్కు నుంచి సాక్ష్యం వచ్చింది. పారిస్ మ్యూజియంలో ఉన్న 15 మంది ద్వీపవాసుల అవశేషాల జన్యువులను చదివితే, 1600లలో జనాభా కుప్పకూలిన జాడ కనపడలేదు. దక్షిణ అమెరికా ఆదివాసుల రక్తం యూరోపియన్లు రాకముందే, సుమారు 1250–1430 మధ్య, వీళ్లలో కలిసిందని కూడా అందులో తేలింది. హెయర్‌డాల్ చెప్పిన సంబంధం ఉంది. కానీ రాళ్లు చెక్కినవాళ్లు అక్కడినుంచి రాలేదు. ఈ నావికులే అటు వెళ్లొచ్చారన్న ఊహకే బలం ఎక్కువ.

యుద్ధాల కథకు ఆధారంగా చూపిన 'మతాఆ' అనే నల్లటి గాజురాతి పలకల సంగతీ ఇంతే. వేల సంఖ్యలో దొరుకుతాయి కాబట్టి ఈటె మొనలన్నారు. 2016లో వందల పలకల ఆకారాలు కొలిచి చూస్తే, గుచ్చడానికి పనికొచ్చే ఒక తీరు అంటూ లేదు. ఎక్కువ భాగం కోతకు, గీకడానికి వాడే పనిముట్లు. విగ్రహాలు పడిపోవడం కూడా 1722కి ముందు జరిగింది కాదు. రొగ్గెవీన్ నిలబడ్డవాటిని చూశాడు, కుక్ కొన్ని పడిపోయి ఉండగా చూశాడు, నిలబడ్డ విగ్రహాల గురించి చివరి కబురు 1838 నాటిది. ఓడలు రావడం మొదలయ్యాక జరిగిన దాన్ని, అంతకుముందే వాళ్లకు వాళ్లు చేసుకున్న పాపం కింద రాసేశారు.

వేదికలను ఎక్కడెక్కడ కట్టారన్న దానికి కూడా జవాబు నేల మీదే దొరికింది. ద్వీపంలో ఏడాది పొడవునా పారే ఏరు లేదు. వాన నీరు బుడగల రాయిలోంచి లోపలికి ఇంకి, తీరంలో సముద్రం అంచున ఊటలుగా బయటికి వస్తుంది. ఇక్కడి జనం సముద్రపు నీళ్లే తాగుతున్నారని తొలి యూరోపియన్లు ఆశ్చర్యపోతూ రాసింది ఈ ఊటల గురించే అయి ఉండాలి. 2019లో రాబర్ట్ డినాపోలి, లిపో, హంట్ తదితరులు 93 అహులను తీసుకుని, పొలాలు, చేపలు దొరికే చోట్లు, మంచినీళ్లు, వీటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో పరీక్షించారు. అన్నిటికంటే బాగా సరిపోయింది మంచినీళ్లే. ఊరి బావి దగ్గర పూర్వీకుడి విగ్రహం. మన ఊళ్లలో చెరువుగట్టు మీద పోచమ్మ గుడి, కట్ట మైసమ్మ గుడి చూసినవాళ్లకు ఇది అర్థం కావడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కాకపోతే అనిపించడం వేరు, లెక్కతో చూపడం వేరు.

సూర్యుడి లెక్కల విషయంలో ఈ జాగ్రత్తే లోపిస్తుంది. లోతట్టులో ఉన్న అహు అకివి మీది ఏడు విగ్రహాలు పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు నాటి సూర్యాస్తమయం వైపు చూస్తాయని గైడ్లు చెప్తారు. నిజమే. కానీ ద్వీపంలో మూడు వందలకు పైగా అహులున్నాయి, చాలావరకు తీరం ఎటు వంగితే అటు తిరిగి ఉన్నాయి. మూడు వందల గీతలు గీస్తే కొన్ని సూర్యుడి వైపు పడకుండా ఎలా ఉంటాయి? ఇక తె పితో కురా దగ్గర నున్నటి గుండ్రాయి మీద చేతులు పెట్టి 'ఎనర్జీ' తీసుకునే టూరిస్టుల సంగతి వదిలేద్దాం. ఆ రాయిలో ఇనుము ఎక్కువ, దిక్సూచి ముల్లు కదిలేది అందుకే.

ఇప్పుడు అక్కడికి వెళ్లినవాళ్లు చూసే దృశ్యం కూడా ఒక వ్యాఖ్యానమే. అహు తొంగరికి మీద వరుసగా నిలబడ్డ 15 విగ్రహాలు ద్వీపానికి గుర్తుగా మారిపోయాయి. 1960 మే 22న చిలీలో వచ్చిన భూకంపం తాలూకు సునామీ, అప్పటికే పడిపోయి ఉన్న ఆ విగ్రహాలను లోపలికి విసిరేసింది. 1990లలో జపాన్ నుంచి వచ్చిన క్రేన్‌తో వాటిని మళ్లీ నిలబెట్టారు. అహు అకివిని 1960లో పురావస్తు పరిశోధకులు విలియం ముల్లోయ్, గొన్సాలో ఫిగేరోవా నిలబెట్టారు. ఏ శతాబ్దపు రూపానికి తెచ్చి ఆపాలన్నది ఎవరో ఒకరు నిర్ణయించుకోవాల్సిందే. అన్నీ నిలబడి ఉన్న రోజునా, కొన్ని పడిపోయి వాటి కింద శవాలు పాతిపెట్టిన రోజునా? పడిపోయిన అహు కూడా కొన్ని తరాలపాటు శ్మశానంగా వాడుకలో ఉన్న కట్టడమే. దాన్ని సరిచేయడమంటే ఒక కాలాన్ని చూపించడానికి ఇంకో కాలాన్ని తుడిచేయడం.

రాళ్ల తోటలకు ఈ బెడద రాలేదు. 'మనవై' అనే గుండ్రటి రాతి ప్రహరీలు ద్వీపంలో రెండు వేలకు పైగా ఉన్నాయి. గాలికి అడ్డంగా రాళ్లు పేర్చి, లోపల అరటి, చేమ వేసుకునే తోటలవి. వీటిలో కొన్నింటిని ఇప్పటికీ వాడుతున్నారు. గోడ దాటి బయటికి తొంగిచూసే అరటాకులు గాలికి చిరిగి ఉంటాయి, గోడ లోపలున్నవి చెక్కుచెదరకుండా ఉంటాయి.